ఫ్లోరెన్స్ నైటింగేల్ జీవితం, అనారోగ్యం

ఫ్లోరెన్స్ నైటింగేల్ (మే 12, 1820 – ఆగష్టు 13, 1910) ఆధునిక నర్సింగు వృత్తికి పునాది వేసిన ఆంగ్ల వనిత, గణాంకవేత్త మరియు పారిశుద్ధ్య సంస్కర్త. క్రిమియా యుద్ధకాలంలో రాత్రివేళ దీపం చేతబట్టి ఆసుపత్రిలో సైనికులను పరామర్శించినందువలన దీపధారిణిగా లోకప్రసిద్ధి పొందింది. అయితే 90 సంవత్సరాల ఆమె జీవితంలో ఆ యుద్ధ ఆసుపత్రులలో గడిపిన కాలం రెండు సంవత్సరాల కంటె తక్కువ. అక్కడ సోకిన జ్వరం తరువాత ఆమె పూర్తి ఆరోగ్యాన్ని తిరిగి పొందలేదు. 37వ యేట నుండి దశాబ్దాల పాటు ఎక్కువగా గదికీ, మంచానికీ పరిమితమై, అక్కడినుండే తన ముఖ్యమైన రచనలను, సంస్కరణలను పూర్తిచేసింది.

ఆ వ్యాధి ఏమిటన్నది ఆమె జీవించి ఉండగా ఏ వైద్యుడూ నిశ్చయంగా చెప్పలేకపోయాడు. గుండె జబ్బు, నరాల బలహీనత, మానసిక రుగ్మత, మాల్టా జ్వరం, ఫైబ్రోమయాల్జియా అని కాలానుగుణంగా వేర్వేరు పేర్లు దానికి పెట్టబడినాయి. ఆమె జన్మదినమైన మే 12 నేడు అంతర్జాతీయ నర్సుల దినం మాత్రమే కాక, ఫైబ్రోమయాల్జియా అవగాహన దినం కూడా. అందుచేత ఆమె జీవితం నర్సింగు చరిత్రలోనే గాక, వ్యాధి నిర్ధారణ చరిత్రలో సైతం పేర్కొనదగినది.

బాల్యం, విద్య

ఫ్లోరెన్స్ తల్లిదండ్రులు విలియం ఎడ్వర్డ్ నైటింగేల్, ఫ్రాన్సెస్. వీరు సంపన్న కుటుంబీకులు. వివాహానంతరం ఐరోపా యాత్రలో ఉండగా వారికి ఇద్దరు కుమార్తెలు కలిగారు. పెద్ద కుమార్తె నేపుల్స్ నగరంలో జన్మించగా ఆ నగరపు ప్రాచీన గ్రీకు నామమైన పార్థినోప్ అని పేరు పెట్టారు. రెండవ కుమార్తె ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో జన్మించినందున ఆమెకు ఆ ఊరి పేరే వచ్చింది. ఇంగ్లాండులో ఈ కుటుంబానికి డెర్బీషైరులో లీ హర్స్ట్, హాంప్‌షైరులో ఎంబ్లీ పార్క్ అను రెండు నివాసాలు ఉండేవి.

తండ్రి కుమార్తెలిద్దరికీ ఇంటివద్దనే లాటిన్, గ్రీకు, ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్ భాషలు, చరిత్ర, తత్వశాస్త్రం బోధించాడు. ఫ్లోరెన్స్‌కు గణితంపై ప్రత్యేకమైన మక్కువ ఉండేది. 1837 ఫిబ్రవరిలో, 16 సంవత్సరాల వయసులో, భగవంతుడు తనను సేవకు పిలిచినట్లు ఆమె తన స్వంత కాగితాలలో వ్రాసుకొన్నది.

నర్సింగు వృత్తిలో ప్రవేశం

ఆ కాలంలో ఇంగ్లాండులో ఆసుపత్రి నర్సు పని గౌరవప్రదమైనదిగా భావించబడేది కాదు. 1845లో ఫ్లోరెన్స్ సాలిస్బరీ ఆసుపత్రిలో శిక్షణ పొందాలని కోరగా తల్లి, అక్క తీవ్రంగా వ్యతిరేకించారు. ఆమె తెల్లవారుజామున లేచి ఆసుపత్రుల నివేదికలను చదివి, గణాంకాలను నోటు పుస్తకాలలో ఎక్కించుకొనేది. 1847-48లో రోము నగరంలో సిడ్నీ హెర్బర్ట్ అను రాజకీయ నాయకునితో పరిచయం కలిగింది. ఆమె జీవితాన్ని మలుపు తిప్పినది ఈ పరిచయమే. రిచర్డ్ మాంక్టన్ మిల్న్స్ వివాహ ప్రస్తావనను 1849లో తిరస్కరించింది.

1851లో జర్మనీలోని కైసర్స్‌వెర్త్‌లో సుమారు మూడు నెలలు శిక్షణ పొందింది. 1853 ఆగష్టులో లండనులోని హార్లీ వీధి ప్రాంతంలో, అనారోగ్యంతో ఉన్న మధ్యతరగతి స్త్రీల కొరకు నడుపబడిన ఒక చిన్న వైద్యశాలకు పర్యవేక్షకురాలైనది. తండ్రి ఆమెకు సంవత్సరానికి 500 పౌండ్లు భృతి ఏర్పాటు చేశాడు.

క్రిమియా యుద్ధం

1854లో బ్రిటన్, ఫ్రాన్సు దేశాలు టర్కీ పక్షాన రష్యాతో యుద్ధానికి దిగాయి. గాయపడిన బ్రిటిష్ సైనికులను నల్లసముద్రం దాటించి, ఇస్తాంబుల్‌కు ఎదురుగా ఉన్న స్కుటారి (నేటి ఉస్కుదార్) సైనికశాలలో ఏర్పాటైన ఆసుపత్రికి తరలించేవారు. అక్కడి దుస్థితి పత్రికలలో రావడంతో దేశంలో ఆగ్రహం పెల్లుబికింది. అప్పటి యుద్ధ కార్యదర్శి సిడ్నీ హెర్బర్ట్ కోరికపై నైటింగేల్ 38 మంది స్త్రీలతో బయలుదేరి 1854 నవంబరు 4న స్కుటారి చేరింది.

ఆసుపత్రి కింద మురుగు కాలువలు పూడిపోయి దుర్గంధం వ్యాపించి ఉండేది. పడకలు, దుప్పట్లు, సబ్బు, తువాళ్ళు కూడా చాలినన్ని లేవు. గాయాల కంటె కలరా, విరేచనాలు, టైఫస్ వంటి వ్యాధుల వలన ఎక్కువ మంది చనిపోయేవారు. నైటింగేల్ వంటశాల, చాకలిశాల ఏర్పాటు చేయించి, తన వద్ద ఉన్న నిధులతో సామగ్రి కొనిపించింది. అయినను ఆ శీతకాలంలో మరణాలు తగ్గలేదు. 1855 మార్చిలో బ్రిటిష్ ప్రభుత్వం పంపిన పారిశుద్ధ్య సంఘం మురుగు కాలువలను శుభ్రం చేయించి, గాలి వచ్చే ఏర్పాట్లు చేసి, గోడలకు సున్నం కొట్టించిన తరువాత మరణాల సంఖ్య వేగంగా పడిపోయింది. యుద్ధానంతరం గణాంకవేత్త విలియం ఫార్ సహకారంతో ఈ అంకెలను పరిశీలించినప్పుడే పారిశుద్ధ్య లోపం ఎంత ప్రాణనష్టం కలిగించినదో ఆమెకు పూర్తిగా బోధపడింది. రోగానికి కారణం తెలియాలంటే మొదట లెక్క సరిగా ఉండవలెనను నమ్మకం ఆమెలో స్థిరపడింది.

క్రిమియా జ్వరం

1855 మే నెలలో నైటింగేల్ ఆసుపత్రుల తనిఖీ కొరకు స్కుటారి నుండి క్రిమియాలోని బాలక్లావా రేవుకు వెళ్ళింది. కొద్ది రోజులలోనే తీవ్రమైన జ్వరంతో కుప్పకూలింది. సైనిక వైద్యులు దీనిని క్రిమియా జ్వరం అన్నారు. ఇది ఒక వ్యాధి పేరు కాదు. ఆ ప్రాంతంలో వచ్చే పలు జ్వరాలను కలిపి అలా పిలిచేవారు. సూక్ష్మజీవులు రోగకారకాలన్న సిద్ధాంతం అప్పటికింకా స్థిరపడలేదు. జ్వరాన్ని దాని తీరును బట్టియే గాని రక్తపరీక్షను బట్టి గుర్తించే వీలు లేదు.

సుమారు రెండు వారాలు ఆమె ప్రాణాపాయ స్థితిలో ఉన్నది. జుట్టు కత్తిరించవలసి వచ్చింది. కోలుకొన్న తరువాత ఇంగ్లాండుకు వెళ్ళమని వైద్యులు చెప్పినా అంగీకరించక మళ్ళీ పనిలో చేరింది. ఆ సంవత్సరం చివరలో తుంటి నుండి కాలిలోకి పాకే సయాటికా నొప్పితో బాధపడింది. చెవిపోటు, గొంతు వాపు, నిద్రలేమి కూడ తోడైనాయి. యుద్ధం ముగిసిన పిదప 1856 ఆగష్టులో, ప్రజల స్వాగత సత్కారాలు తప్పించుకొనుటకు మారుపేరుతో ప్రయాణించి ఇల్లు చేరింది.

దీర్ఘవ్యాధి

ఇంగ్లాండు చేరిన తరువాత ఆమె విశ్రాంతి తీసుకొనలేదు. విక్టోరియా రాణిని కలిసి, సైన్య ఆరోగ్యంపై రాయల్ కమిషన్ నియామకానికి కృషి చేసింది. 1857లో కమిషన్ పని ప్రారంభమైంది. ఆ ఆగష్టులో నైటింగేల్ హఠాత్తుగా కుప్పకూలి, జలచికిత్సకు పేరుపొందిన మాల్వెర్న్ అను ఊరికి వెళ్ళవలసి వచ్చింది. గుండెదడ, ఆయాసం, తలనొప్పి, సొమ్మసిల్లుట, ఆహారమంటే వెగటు, నిద్రలేమి, అంతులేని నిస్సత్తువ అప్పటి లక్షణాలు. తాను ఎక్కువ కాలం బ్రతకనని ఆమె, ఆమె ఆప్తులు కూడా నమ్మారు. తన మరణానంతరం చేయవలసిన పనుల గురించి లేఖలు వ్రాసి ఉంచింది. ఆ తరువాత ఆమె 53 సంవత్సరాలు జీవించింది.

1861 ఆమెకు అత్యంత దుఃఖకరమైన సంవత్సరం. ఆగష్టులో సిడ్నీ హెర్బర్ట్, నవంబరులో ఆమెకు సహాయకుడుగా ఉన్న కవి ఆర్థర్ హ్యూ క్లఫ్ మరణించారు. డిసెంబరులో వ్యాధి తీవ్రరూపం దాల్చింది. వెన్నెముకలో భరించరాని నొప్పి మొదలై నడవలేకపోయింది. సుమారు ఆరు సంవత్సరాల పాటు ఒక గది నుండి మరొక గదికి ఎత్తుకొని తీసుకుపోవలసి వచ్చేది. 1866 ప్రాంతంలో నొప్పి తగ్గుటకు నల్లమందును సూది ద్వారా చర్మం కిందికి ఎక్కించేవారు. అది కొన్ని గంటల ఉపశమనమే తప్ప రోగాన్ని తగ్గించలేదు.

వ్యాధి ఎప్పుడూ ఒకే తీరుగా ఉండేది కాదు. కొన్ని వారాలు తేలికపడి తిరిగి ముదిరేది. సందర్శకులను ముందుగా సమయం నిర్ణయించి ఒక్కొక్కరినే చూచేది. తల్లిని, అక్కను సైతం చాలాకాలం దూరంగా ఉంచింది. పైకి కనిపించే గాయం గాని, వాపు గాని లేని ఈ జబ్బును చూచి, పని చేయగలిగినది మనుషులను ఎందుకు కలువలేదని కొందరు సందేహించారు. ఒక గంట సంభాషణ తరువాత ఆమె రోజంతా లేవలేని స్థితిలో ఉండేదన్న సంగతి సమీపంలో ఉన్నవారికే తెలిసేది.

మంచం మీద నుండి సాగించిన కృషి

నైటింగేల్ రచనలలో అధిక భాగం ఈ కాలానివే. బ్రిటిష్ సైన్య ఆరోగ్యంపై వ్రాసిన బృహత్ నివేదిక 1858లో అచ్చయింది. అందులో సైనికుల మరణకారణాలను నెలవారీగా రంగుల ముక్కలతో చూపిన వృత్త చిత్రాలు గణాంక చరిత్రలో ప్రసిద్ధమైనవి. అదే సంవత్సరం లండన్ గణాంక సంఘానికి (తరువాతి రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ) తొలి మహిళా సభ్యురాలుగా ఎన్నికైంది. క్రిమియా సేవకు గుర్తుగా ప్రజలు ఇచ్చిన విరాళాలతో 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ పాఠశాల ప్రారంభమైంది. అనారోగ్యం వలన దానిని తాను స్వయంగా నడుపలేదు. సలహాలు, లేఖల ద్వారానే మార్గదర్శనం చేసింది.

భారతదేశంతో సంబంధం

భారతదేశంలోని సైన్య పారిశుద్ధ్యంపై 1859లో మరొక రాయల్ కమిషన్ ఏర్పడింది. నైటింగేల్ దేశంలోని సైనిక స్థావరాలన్నిటికీ ప్రశ్నావళి పంపించి, వచ్చిన జవాబులను మంచం మీదనే విశ్లేషించింది. 1863లో వెలువడిన నివేదిక ప్రకారం భారతదేశంలో బ్రిటిష్ సైనికుల మరణాల రేటు ఏటా వెయ్యికి 69గా ఉండేది. పారిశుద్ధ్య చర్యల తరువాత ఇది వెయ్యికి 18కి తగ్గినదని 1873లో ఆమె పేర్కొన్నది. 1864లో బెంగాలు, మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీలలో పారిశుద్ధ్య సంఘాలు ఏర్పడుటకు ఈ నివేదిక కారణమైంది. ఆమె భారతదేశానికి ఎన్నడూ రాలేదు.

క్రమంగా ఆమె దృష్టి సైనికుల నుండి రైతుల వైపు మళ్ళింది. ధవళేశ్వరం వద్ద గోదావరిపై ఆనకట్ట నిర్మించిన సర్ ఆర్థర్ కాటన్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపి, నీటిపారుదలపై ఆయన వాదనలను బలపరచింది. 1876-78 నాటి మహా కరవులో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు తీవ్రంగా నష్టపోయాయి. ఈ కరవు నేపథ్యంలో 1878లో భారత ప్రజల గురించి ఒక ఆంగ్ల పత్రికలో వ్యాసం ప్రచురించి, రైతుల అప్పులు, నీటి కొరతలపై బ్రిటిష్ పాఠకుల దృష్టిని మళ్ళించింది.

రోగి పరిశీలనపై ఆమె బోధన

1859లో వ్రాసిన నోట్స్ ఆన్ నర్సింగ్ ఆమె గ్రంథాలలో మిక్కిలి ప్రచారం పొందినది. అప్పటికి రెండు సంవత్సరాలకు పైగా తాను రోగిగా ఉన్న అనుభవం ఈ పుస్తకంలో అడుగడుగునా కనిపిస్తుంది. రోగిని చూడవచ్చినవారు జబ్బు ఏమీ లేదని ధైర్యం చెప్పుట, తెలిసీ తెలియని సలహాలిచ్చుట ఎంత హాని చేస్తాయో ఒక అధ్యాయంలో వివరించింది.

రోగిని పరిశీలించుట అను అధ్యాయం వ్యాధి నిర్ధారణకు నేటికీ పనికివచ్చేది. రాత్రి బాగా నిద్ర పట్టిందా అని అడుగుట సరియైన ప్రశ్న కాదని ఆమె వాదన. పది గంటలు ఏకధాటిగా నిద్రపోని వ్యక్తీ, ఐదు రోజులుగా రెప్ప వేయని వ్యక్తీ ఒకే మాటతో జవాబు చెప్పవచ్చును. అందువలన ఎన్ని గంటలు నిద్రించినారు, ఏయే వేళలలో అని అడుగవలెను. ఆకలి గురించి, నొప్పి గురించి కూడా ఇదే పద్ధతి. జవాబును ముందుగానే సూచించే ప్రశ్న వేయరాదు. చూచినదానిని, ఊహించినదానిని వేరు చేసి చెప్పవలెను. ఇట్టి పద్ధతిని లోకానికి నేర్పిన ఆమె వ్యాధి విషయంలో మాత్రం ఊహలే ఎక్కువగా మిగిలినాయి.

చివరి దశ, మరణం

1860వ దశకం చివరినుండి వెన్నునొప్పి తీవ్రత కొంత తగ్గింది. 1880 తరువాత చాలా లక్షణాలు నెమ్మదించి, స్వభావం కూడ శాంతించినదని జీవితచరిత్రకారులు వ్రాశారు. 1865 నుండి లండనులోని సౌత్ స్ట్రీట్ గృహంలో నివసించింది. వార్ధక్యంలో చూపు, జ్ఞాపకశక్తి క్షీణించాయి. 1907లో బ్రిటిష్ రాజు ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదు ప్రదానం చేశాడు. ఈ గౌరవం పొందిన తొలి మహిళ ఈమె. 1910 ఆగష్టు 13న ఆ ఇంటిలోనే మరణించింది. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో సమాధి చేయుటకు వచ్చిన ప్రతిపాదనను కుటుంబీకులు ఆమె కోరిక మేరకు నిరాకరించారు. హాంప్‌షైరులోని ఈస్ట్ వెల్లో చర్చి ఆవరణలో అంత్యక్రియలు జరిగాయి.

వ్యాధికి పెట్టబడిన పేర్లు

1913లో ఎడ్వర్డ్ కుక్ వ్రాసిన ప్రామాణిక జీవితచరిత్రలో గుండె వ్యాకోచం, న్యూరస్తీనియా అను రెండు పేర్లు కనిపిస్తాయి. న్యూరస్తీనియా అనగా నరాల శక్తి క్షీణించుట. 1869లో అమెరికా వైద్యుడు జార్జి బియర్డ్ ప్రచారంలోకి తెచ్చిన ఈ పేరును, కారణం తెలియని అలసట, నొప్పులు గల రోగులకు అప్పటి వైద్యులు విరివిగా వాడారు. ఇది లక్షణాలకు పెట్టిన పేరే గాని కారణాన్ని తెలిపేది కాదు. గుండె వ్యాధి గలదని అనుకొన్న రోగి 90 సంవత్సరాలు జీవించుట కూడ ఆ నిర్ధారణను సందేహాస్పదం చేసింది.

20వ శతాబ్దంలో మానసిక కారణాల వాదన ప్రబలమైనది. 1974లో బ్రిటిష్ వైద్యుడు జార్జి పికరింగ్, ఆమె రోగం మానసికమైనదనీ, కుటుంబ బాధ్యతల నుండి, సందర్శకుల నుండి తప్పించుకొని పని చేసుకొనుటకు అది ఉపకరించినదనీ వ్రాశాడు. మరికొందరు చరిత్రకారులు ఇంకా కఠినంగా, ఇతరులను తన అదుపులో ఉంచుకొనుటకు జబ్బును వాడుకొన్నదని అన్నారు. శరీరంలో రుజువు దొరకని రోగం మనసులోనిదే అయి ఉండవలెనను తర్కం దీని వెనుక ఉన్నది. దీర్ఘకాలపు నొప్పులతో బాధపడేవారు నేటికీ తరచుగా ఎదుర్కొనే తర్కం ఇదే.

మాల్టా జ్వరం వాదన

1995లో డి. ఎ. బి. యంగ్ అను పరిశోధకుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం ప్రచురించి, నైటింగేల్ వ్యాధి దీర్ఘకాలిక బ్రూసెల్లోసిస్ అని ప్రతిపాదించాడు. మాల్టా జ్వరం అనికూడ పిలువబడే ఈ వ్యాధి మేకలు, గొర్రెలు, పశువుల నుండి, ముఖ్యంగా కాచని పాల ద్వారా మనుషులకు సోకుతుంది. జ్వరం వచ్చి పోతూ ఉండుట, విపరీతమైన చెమట, నీరసం, కీళ్ళ నొప్పులు, దిగులు దీని లక్షణాలు. కొందరిలో వెన్నుపూసలకు, తుంటి కీళ్ళకు వాపు వచ్చి దీర్ఘకాలం బాధిస్తుంది. మధ్యధరా ప్రాంతంలో ఇది చిరకాలంగా ఉన్నది.

1855 నాటి జ్వరం, తరువాతి సయాటికా, 1861 నుండి వెన్నునొప్పి, మధ్యమధ్య తగ్గి మరల తిరగబెట్టుట, చివరకు దశాబ్దాల పిమ్మట నెమ్మదించుట ఈ వాదనకు సరిపోతాయి. ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని డేవిడ్ బ్రూస్ 1887లో మాల్టాలో కనుగొన్నాడు. రక్తపరీక్ష 1897లో రూపొందింది. మేకపాల ద్వారా సోకుతుందని థెమిస్టొక్లీస్ జమిత్ 1905లో గుర్తించాడు. అప్పటికి నైటింగేల్ వయసు 85 సంవత్సరాలు. అనగా ఆమె అత్యంత బాధపడిన రోజులలో సరియైన నిర్ధారణ ఏ వైద్యునికీ సాధ్యమయ్యేది కాదు.

పలువురు ఈ వాదనను అంగీకరించినను ఇది రుజువైన విషయం కాదు. క్రిమియాలో టైఫస్, టైఫాయిడ్ కూడ విస్తారంగా ఉండేవి. ఆమె రక్తాన్ని పరీక్షించిన దాఖలా లేదు. మిగిలినవి లేఖలు, బంధుమిత్రుల వర్ణనలు మాత్రమే.

ఫైబ్రోమయాల్జియా వాదన

1990వ దశకం తొలినాళ్ళలో అమెరికాలోని రోగుల ఉద్యమకారులు దీర్ఘకాలిక అలసట వ్యాధి, ఫైబ్రోమయాల్జియా మొదలగు వాటికి మే 12ను అవగాహన దినంగా ఎంచుకొన్నారు. నైటింగేల్ కూడ ఇటువంటి వ్యాధితోనే బాధపడినదన్న నమ్మకం దీనికి కారణం. అప్పటి నుండి ఆమెకు ఫైబ్రోమయాల్జియా ఉన్నదని పలుచోట్ల నిశ్చయంగా వ్రాయబడుతున్నది.

నిద్రలేమి, అలసట, దీర్ఘకాలపు నొప్పి, లక్షణాల హెచ్చుతగ్గులు ఈ అభిప్రాయానికి అనుకూలమైనవి. తీవ్రమైన జ్వరం లేదా సంక్రమణ తరువాత కొందరిలో ఈ వ్యాధి మొదలగుట కూడ గమనించబడింది. అయితే ఆమె నొప్పి గురించిన వర్ణనలలో వెన్నెముక నొప్పియే ప్రధానం. శరీరమంతటా నొప్పి ఉన్నదీ లేనిదీ క్రమంగా నమోదు కాలేదు. బ్రూసెల్లోసిస్ వంటి వ్యాధి లేదని తేల్చుటకు వీలు లేదు. కనుక ఈ పేరును ఆమెకు అంటగట్టుట కూడ ఊహయే. అవగాహన దినానికి ఆమె ప్రతీకగా తగినదే గాని, ఆ దినం ఆమె వ్యాధికి నిర్ధారణ పత్రం కాదు.

ఫైబ్రోమయాల్జియా నిర్ధారణ

నైటింగేల్ జీవించి ఉండగానే, 1904లో, లండను వైద్యుడు విలియం గవర్స్ నడుమునొప్పిపై చేసిన ఉపన్యాసంలో ఫైబ్రోసైటిస్ అను పేరు సూచించాడు. కండరాల పీచులలో వాపు ఉంటుందని ఆయన అభిప్రాయం. తరువాతి పరిశీలనలలో అట్టి వాపు కనబడలేదు. అందుచేత 1976లో ఫిలిప్ హెంచ్ ఫైబ్రోమయాల్జియా అను పేరును ప్రతిపాదించాడు. నాడీవ్యవస్థ నొప్పి సంకేతాలను హెచ్చించి గ్రహించుట దీనిలో ముఖ్యాంశమని నేటి శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

1990లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ తొలి ప్రామాణిక నియమాలు ప్రకటించింది. శరీరంలో పైనా కిందా, కుడి ఎడమలా కనీసం మూడు నెలలు నొప్పి ఉండి, సూచించిన 18 స్థానాలలో 11 చోట్ల వ్రేలితో నొక్కినప్పుడు నొప్పి కలుగవలెను. 2010లో ఈ నొక్కి చూచే పద్ధతికి బదులు ప్రశ్నల పద్ధతి వచ్చింది. 2016లో దానిని సవరించారు. ఆ ప్రకారం నిర్ధారణకు ముఖ్యాంశాలు ఇవి:

- శరీరంలోని 19 భాగాలలో గత వారంలో ఎన్నిచోట్ల నొప్పి ఉన్నదో లెక్కించుట (0 నుండి 19).
- అలసట, నిద్ర లేచినప్పుడు సేద తీరకపోవుట, ఏకాగ్రత మరియు జ్ఞాపకశక్తి లోపం అను మూడింటికి, తలనొప్పి, కడుపునొప్పి, దిగులు వంటి వాటికి కలిపి తీవ్రతను అంకెలలో కొలుచుట (0 నుండి 12).
- మొదటి లెక్క 7 లేదా అంతకు మించి, రెండవది 5 లేదా అంతకు మించి ఉండుట. లేక మొదటిది 4 నుండి 6, రెండవది 9 లేదా అంతకు మించి ఉండుట.
- శరీరపు ఐదు ప్రాంతాలలో కనీసం నాలుగింటిలో నొప్పి ఉండుట.
- లక్షణాలు కనీసం మూడు నెలలుగా ఉండుట.

ఈ వ్యాధిని పట్టి ఇచ్చే రక్తపరీక్ష గాని, ఎక్స్‌రే గాని సాధారణ వైద్యంలో లేదు. పరీక్షలు చేయించునది ముఖ్యంగా ఇతర వ్యాధులను గుర్తించుటకు. థైరాయిడ్ గ్రంథి మాంద్యం, రుమటాయిడ్ కీళ్ళవాతం, లూపస్, విటమిన్ డి లోపం వలన ఎముకలు మెత్తబడుట, కొన్ని మందుల వలన కలిగే కండరాల నొప్పి ఇదే విధంగా కనిపించవచ్చును. పశువులతో మెలిగేవారిలో, పచ్చిపాలు త్రాగేవారిలో జ్వరం కూడ ఉంటే బ్రూసెల్లోసిస్ పరీక్ష అవసరం. భారతదేశంలోని పశువులలో ఈ వ్యాధి ఉన్నది. దీనికి యాంటీబయాటిక్ మందులతో చికిత్స కలదు. ఫైబ్రోమయాల్జియాకు ఆ మందులు పనిచేయవు. ఈ రెంటిలో ఏది అన్నది సరిగా తేల్చకపోతే రోగి సంవత్సరాల తరబడి తప్పుడు చికిత్స పొందే ప్రమాదమున్నది.

మరొక వ్యాధి ఉన్నంత మాత్రాన ఫైబ్రోమయాల్జియా లేదని చెప్పరాదని 2016 నియమాలు స్పష్టం చేశాయి. రెండూ కలిసి ఉండవచ్చును. అట్లే పరీక్షలన్నీ సక్రమంగా ఉన్నవని రోగిని ఏమీ లేదని పంపివేయుట కూడ తప్పే. ఒళ్ళంతా నొప్పులు అని రోగి చెప్పిన ఒక్క మాటతో నిర్ధారణ జరుగదు. ఎక్కడెక్కడ, ఎన్నాళ్ళుగా, నిద్ర ఎట్లున్నది, జ్వరం ఉన్నదా, కీలు వాచినదా, ఉదయం బిగుసుకుపోవుట ఎంతసేపు, బరువు తగ్గినదా అని విడివిడిగా అడిగి తెలుసుకొనవలెను. నైటింగేల్ కాలంలో సంపూర్ణ విశ్రాంతి చికిత్సగా పరిగణించబడేది. నేడు ఫైబ్రోమయాల్జియాకు శక్తికి తగినట్లు క్రమంగా పెంచే వ్యాయామం, నిద్ర క్రమబద్ధీకరణ ముఖ్యమైన చికిత్సలు. అవసరమైనచోట మందులు తోడుగా వాడతారు.

గుర్తింపు

నైటింగేల్ జన్మదినమైన మే 12ను అంతర్జాతీయ నర్సుల మండలి 1974 నుండి అంతర్జాతీయ నర్సుల దినంగా జరుపుతున్నది. భారత ప్రభుత్వం 1973లో ఉత్తమ నర్సులకు జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ పురస్కారాన్ని నెలకొల్పింది. లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రి ఆవరణలో ఆమె స్మారక మ్యూజియం ఉన్నది. 2020లో కోవిడ్ మహమ్మారి సమయంలో ఇంగ్లాండులో నెలకొల్పిన తాత్కాలిక ఆసుపత్రులకు ఆమె పేరే పెట్టారు. ఫైబ్రోమయాల్జియా రోగుల సంఘాలు కూడ ప్రతి సంవత్సరం ఇదే రోజున అవగాహన కార్యక్రమాలు నిర్వహిస్తున్నాయి.